ల్యాప్‌టాప్‌లో రెండో డ్రైవరు

గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నప్పుడు ఇంట్లో నేను చెప్పిన కారణం చీరల డిజైన్లు. ఎమ్మిగనూరు మగ్గాలకు అంచులు, కొంగులు కంప్యూటర్ మీద గీసి ఇవ్వడం నా పని. ఆ పనికి అంత పెద్ద యంత్రం అక్కర్లేదని నాకు తెలుసు. నా భార్యకూ తెలుసు. ఆమె ఆదోనిలో స్కూలు టీచరు, రోజూ బస్సులో వెళ్లొస్తుంది. మా మేనమామ కూతురే కాబట్టి నా అబద్ధాలు ఎక్కడ మొదలై ఎక్కడ తేలతాయో చిన్నప్పటి నుంచి చూస్తున్న మనిషి. ఆ రోజు నేను పెట్టె విప్పుతుంటే పక్కనే నిలబడింది. అట్టపెట్టె మీది కారు బొమ్మ చూసి, "ఈ కారు కొంగు మీదికి వస్తాదా, అంచు మీదికా?" అని మాత్రం అడిగింది.

నాలుగేళ్లు బాగానే నడిచింది. పొద్దున డిజైన్లు, సాయంత్రం ఆట. నేను ఆడేది బస్సు తోలే ఆట. కొండదారుల్లో బస్సు నడుపుతూ, స్టాపుల్లో జనాన్ని ఎక్కించుకుంటూ, టైముకు ఊరు చేరాలి. అంతే. పోయిన ఎండాకాలం నుంచి మాత్రం ల్యాప్‌టాప్ వరస మారింది. అరగంట తిరక్కముందే ఫ్యాను అరవడం మొదలుపెట్టేది. కీబోర్డు మీద వేలు ఆనించలేనంత కాలేది. ఆ తర్వాత తెర ఉన్నట్టుండి నల్లబడేది. ఘాట్ రోడ్డు మలుపులో నలభై మంది ప్రయాణికులతో సహా నా బస్సు మాయమైపోయేది.

పక్కనే మగ్గం మీద మా నాయన ఉండేవాడు. నేత ఆపకుండానే అడిగేవాడు.

"ఏం రా, మల్లా ఆగిపాయనా?"

"వేడెక్కింది నాయనా."

"దానికేంటికి అంత వేడి? పని చేసేది నేను గదా!"

నేను ఆలోచనలో పడ్డాను. ఇదే ల్యాప్‌టాప్‌కు ర్యామ్ పెంచి, లోపలి డిస్కు మార్చి నెట్టుకురావాలా, లేక దీన్ని పక్కన పెట్టి డెస్క్‌టాప్ కొనాలా? ఒక నోటుబుక్కులో రెండు వైపులా కారణాలు రాశాను. ల్యాప్‌టాప్ వైపు మూడు లైన్లు వచ్చాయి. డెస్క్‌టాప్ వైపు రెండు పేజీలు నిండాయి. అందులో "కింద పడదు" అనేది కూడా ఒక కారణం. నిజానికి నా మనసు అప్పటికే పక్కలకు అద్దం, లోపల రంగురంగుల దీపాలు ఉండే ఒక డెస్క్‌టాప్ డబ్బా మీద పడింది. వీడియోల్లో చూసి చూసి, అది మా ఇంట్లో ఏ మూల బాగుంటుందో కూడా కొలిచి పెట్టుకున్నాను.

నా భార్య ఆ పేజీలు తిరగేసింది. "యాడికైనా ఎత్తుకపోవచ్చు అని ల్యాప్‌టాప్ కింద రాసినావే, నువ్వు యాడికి ఎత్తుకపోయినావప్పా?" అంది. బ్యాటరీ పోయి రెండేళ్లయింది. ప్లగ్గు పీకితే ఆరిపోతుంది. అది మగ్గం గది దాటి ఎక్కడికీ వెళ్లలేదు.

"అందుకే డెస్క్‌టాప్ అంటాండా," అన్నాను.

"డాక్టరుకు సూపియ్యకనే పోయిందంటే ఎట్ల? ముందు ఆదోనిలో సూపీ. ఇయ్యి, రేపు నేనే తీస్కపోతా."

వద్దన్నాను. రిపేరు మనిషి ఏం చెప్పినా, అది నా మీదుగా ఇంటికి రావడమే మంచిదనిపించింది.

మరునాడు ఇద్దరం కలిసే బస్సెక్కాం. శ్రావణమాసం. ఉరుకుంద ఈరన్న గుడికి పోయేవాళ్లు, ఆదోనిలో బస్సు మారేవాళ్లు, కొబ్బరికాయల సంచులు, పసిబిడ్డలు. కాలు పెట్టే సందు లేదు. ల్యాప్‌టాప్ సంచిని గుండెలకు హత్తుకుని నిలబడ్డాను. కిటికీ పక్క కూర్చున్న ఒక అవ్వ జాలిపడి, "ఇట్ల ఇయ్యి నాయనా, పట్టుకుంటా" అని తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. నాలుగేళ్లలో అది ఒక మనిషి ఒళ్లో కూర్చోవడం అదే మొదలు. నా భార్య మాత్రం జనాన్ని తోసుకుంటూ ముందుకెళ్లి డ్రైవరు వెనక కడ్డీ పట్టుకుని నిలబడింది. రోజూ అక్కడే నిలబడుతుందట. గాలికేమో అనుకున్నాను.

ఆమె స్కూలుకు వెళ్లింది. నేను బజారులో మేడమీద ఉన్న రిపేరు కొట్టుకు వెళ్లాను. ఆయన నెరిసిన గడ్డం పెద్దాయన. ఒకప్పుడు టేప్‌రికార్డర్లు బాగుచేసేవాడట. నేను నోటుబుక్కులోని డెస్క్‌టాప్ పేజీలన్నీ అప్పజెప్పాను. ఓపికగా విని, స్క్రూలు తీసి అడుగు పలక ఎత్తాడు. ఇద్దరం లోపలికి చూశాం. ఫ్యాను కనిపించలేదు. దాని చోట తెల్లగా, మెత్తగా, చిన్న పరుపులాంటిది ఉంది.

"యాడ పెడ్తావ్ భాయ్ దీన్ని?"

"మగ్గం పక్కన."

ఆయన పట్టకారుతో నూలు ధూళిని ఉండలుగా లాగి బల్ల మీద పేర్చాడు. "నీకు కంప్యూటరు కొత్తది ఎందుకు? ఇది పట్టుకోని పో, తలగడ కుట్టించుకో. దీంట్లో ఖరాబ్ ఏమీ లేదు."

సంతోషించాల్సిన మాట. నా మొహం పడిపోయింది. ఆయన శుభ్రం చేసి, చిప్పు మీద వేడిని లాగే కొత్త పేస్టు పూసి, "ఆట పెట్టి సూస్తాం, వేడెక్కుతాదేమో" అని నా బస్సు ఆట తెరిచాడు. రెండు గంటలు నడిచింది. ఫ్యాను గుసగుసలాడిందే తప్ప అరవలేదు. మధ్యలో ఆయన తెర మీద వేలు పెట్టి అడిగాడు.

"ఈ రెండో డ్రైవరు ఎవరు? నీకన్నా శానా బాగా తోలినాడు. ఒక్క యాక్సిడెంటు కూడా లేదు."

ఆటలో రెండో ఖాతా ఒకటి ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఇంట్లో మిగిలిన మగమనిషి మా నాయన. తిరుగు బస్సులో దారి పొడవునా రెండే ఆలోచనలు: మా నాయనను ఎలా నిలదీయాలి, డెస్క్‌టాప్ ఆశను ఎలా నిలబెట్టుకోవాలి.

సాయంత్రం నా భార్య వచ్చింది. "ఏమన్యాడు?"

"శుభ్రం చేసినాడు. అయినా ఇంగెంతో కాలం రాదంట," అన్నాను, అంత బాధ లేకపోయినా బాధగా. ఆమె మారుమాట్లాడకముందే మా నాయన వైపు తిరిగాను. "నాయనా, నేను లేనప్పుడు నువ్వు బస్సు తోల్తాండావా?"

"నాకు సైకిలే సరిగా రాదు గదరా!" అన్నాడాయన తెల్లబోయి.

"మరి రెండో డ్రైవరెవరు? కొట్లో రెండు గంటలు ఆట ఆగకుండా నడిపిస్తే అప్పుడు బయటపడింది."

నా భార్య టీ గ్లాసు కింద పెట్టింది. "రెండు గంటలు ఆగకుండా నడిచిందా?"

"నడిచింది."

"ఇంగెంతో కాలం రాదన్యావు?"

మగ్గం చప్పుడు ఆగింది. నేను ఇంకో అబద్ధం కోసం వెతికాను. దొరకనివ్వకుండా ఆమే అంది. "ఆ డ్రైవరు నేనేప్పా."

ఆదివారాలు నేను డిజైన్లు చూపించడానికి నేతవాళ్ల ఇళ్లకు వెళ్లినప్పుడు తోలేదట. మా నాయనకు తెలుసట, "అడగలేదు గదా నువ్వు" అన్నాడు. నాకు ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆమె టీ గ్లాసు మళ్లీ చేతికి తీసుకుంది.

"రోజూ నిలబడుకోనే పోతాను, నిలబడుకోనే వస్తాను. ఆ డ్రైవరు గేరు ఎట్ల మారుస్తాడు, గుంత ఎట్ల తప్పిస్తాడు అని సూస్తా ఉంటాను. ఆటలోనన్నా కూర్చోని తోల్దామని." ఆగి నవ్వింది. "సెప్తే నువ్వు నేర్పిస్తావని భయం."

ఆ భయం న్యాయమైనదే. నా ఖాతాలో యాక్సిడెంట్లు ఎన్నో ఆమె చూసే ఉంటుంది.

డెస్క్‌టాప్ సంగతి ఆ సాయంత్రమే తేలిపోయింది. ల్యాప్‌టాప్‌కే ర్యామ్ పెంచి, డిస్కు, బ్యాటరీ మార్పించాం. నూలు ధూళి పడని ముందు గదికి దాని కాపురం మారింది. ఇవన్నీ కాక ఆట కోసం ఒక స్టీరింగు కూడా కొన్నాం. అది ఆమె కోరిక. అద్దాల డబ్బా వీడియోలు ఇంకా చూస్తూనే ఉన్నానని ఇక్కడ ఒప్పుకుంటున్నాను. ఆమెకూ తెలుసు. కొత్త దీపాలు వస్తే పిలవమంది.

ఇప్పుడు ఆదివారాలు నేను పక్క కుర్చీలో కూర్చుంటాను. సలహాలు ఇవ్వకూడదు, అది షరతు. మొన్న ఆమె తిరగాల్సిన మలుపు దాటిపోయింది. నోరు ఆపుకోలేక, "వెనక్కి తిప్పు, టైము పోతాది" అన్నాను. మా నాయన కూడా వచ్చి వాకిలి దగ్గర నిలబడ్డాడు. ఆమె స్టీరింగు వదల్లేదు, బ్రేకు వేయలేదు. రెండు పక్కలా ఎర్రమట్టి చేలు, ముందు ఎవరికీ తెలియని రోడ్డు.

"పోనీలేప్పా," అంది. "ఈ దావ యాడికి పోతాదో సూస్తాం."