అత్త తిరిగిచ్చిన లోటాలు

మొన్న మనవరాలు కొత్త కప్పులో కాఫీ తెచ్చి, పిడి పట్టుకోమంది. నా వేలు అందులో దూరదు. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగుతుంటే నవ్వింది. నవ్వనీ. మా కాలంలో లోటాకు పిడి ఎక్కడిది? వేడిగా ఉంటే కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళం. లోటాకు ముందు కొబ్బరి చిప్ప, ఆకు దొన్నె. అన్నిటికంటే ముందు దోసిలి. ఈ వరస నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. స్వాతంత్ర్యం రాకముందు ఒక ఎండాకాలం, అలిపిరిలో మా అత్త దగ్గర నేర్చుకున్నాను.

కొండ మెట్లెక్కేవాళ్ళ కోసం అత్త చలిపందిరి పెట్టింది. కొత్త కోడలిని, నీళ్ళు పోయడం నా పని. స్థలం మామ అన్నగారిది, అంటే నాకు పెద్దమామ. డజను ఇత్తడి లోటాలు కూడా ఆయనే ఇచ్చారు, ఒక్కోదాని మీద తన పేరు చెక్కించి మరీ. పుణ్యం దారి తప్పి ఇంకెవరింటికో పోతుందని భయం కాబోలు. షరతు ఒకటే: కొన్ని కులాలవాళ్ళకు లోటా ఇవ్వకూడదు, ఎత్తి దోసిట్లోకి పోయాలి.

ఒక మధ్యాహ్నం కట్టెల మోపు దించి ఒక తల్లి వచ్చింది. చంకలో బిడ్డ. ఒంటి చేతిలో పోసిన నీళ్ళు నోటికి చేరకముందే కారిపోయాయి. నేను చూస్తూ నిలబడ్డాను, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. అత్త లోటా నింపి ఆమె చేతికిచ్చింది. సాయంత్రానికల్లా పెద్దమామకు తెలిసిపోయింది.

"ఏమ్మా, నా లోటా ఆ యమ్మ సేతికిచ్చినావంట? ఇంకోసారి ఇచ్చినావంటే పందిలి పీకించేస్తా, సూడు!"

మర్నాడు పొద్దున్నే అత్త లోటాలన్నీ చింతపండుతో తళతళా తోమి, గంపలో పెట్టుకెళ్ళి ఆయన అరుగు మీద దించింది.

"మీ లోటాలు మీకే ఉండనీ బావా. ఇంక మా పందిట్లో ఎవురికీ లోటా లేదు. అందరికీ దోసిలే."

ఆయన లోటాలు లెక్కపెట్టుకుని లోపలికి తీసుకుపోయారు.

ఆ మధ్యాహ్నం ఆ తల్లి మళ్ళీ వచ్చింది. "బిడ్డను ఇట్లియ్యి, తాగుమ్మా" అని అత్త చేతులు చాచింది. బిడ్డ అత్త చంకలో కాళ్ళాడిస్తుంటే, ఆమె రెండు చేతులా కడుపారా తాగింది. అంతలో పెద్దమామ కొండ దిగి వచ్చారు. నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. అలవాటుగా లోటా కోసం చుట్టూ చూశారు. అత్త బిడ్డను దించలేదు.

"పెద్దమామకు నీళ్ళు పొయ్యి పాపా" అంది నాతో.

నేను చెంబు ఎత్తి పట్టుకున్నాను. ఆయన వంగి దోసిలి పట్టారు. పందిరి జోలికి మళ్ళీ రాలేదు.

ఇప్పుడు నా వేళ్ళు కణుపులు వాచి, వంకరపోయి సందులు పడ్డాయి, దోసిట్లో నీళ్ళు నిలవవు. ఏళ్ళూ అలాగే కారిపోయాయి; ఆ మధ్యాహ్నం మాత్రం గుక్కెడు మిగిలింది.