ఆఖరి డబ్బా యాప్‌గా మారిన వారం

ఇవాళ పొద్దున్న సిర్గిట్టి రైల్వే గేటు దగ్గర స్కూటర్ ఆపుకుని నిలబడ్డాను. బొగ్గు బండి పోతోంది. కాళ్ళ కింద నేల అదురుతోంది, నాలుక మీద బొగ్గు పొడి తగులుతోంది, ఎంతకీ తరగదే ఆ బండి! చిట్టచివర గార్డు డబ్బా వచ్చింది. అందులోంచి గార్డు గేటు మనిషికి పచ్చజెండా చూపిస్తూ వెళ్ళాడు. నా చెయ్యి దానంతటదే పైకి లేచింది. సరిగ్గా అప్పుడే ఫోన్. రతన్‌పూర్ గుడికి వచ్చేవాళ్ళ కోసం బస్సుల వివరాలూ, ఊరి కబుర్లూ రాసే వెబ్‌సైటు యజమాని. “మేడమ్, సబ్ కా యాప్ హై, హమారా భీ బనా దీజియే!” అందరికీ యాప్ ఉందట, తనకీ కావాలట. “మీ సైటు చదివేవాళ్ళలో అందరికన్నా పాత ఫోను ఎవరిదండీ?” అని అడిగాను. పాపం ఆయన తికమకపడ్డాడు. ఆ ప్రశ్న నాకు నేర్పింది సత్యం మామయ్య.

సత్యం మామయ్య నాకు చుట్టమేమీ కాదు. మా తాతా, వాళ్ళ నాన్నా శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి హిందీ మాట్లాడే ఈ బిలాస్‌పూర్ వచ్చి ఇక్కడే పాతుకుపోయారు. పక్కపక్క క్వార్టర్లు కాబట్టి మామయ్య అయ్యారు. ఉద్యోగమంతా గార్డుగా బండి ఆఖరి డబ్బాలోనే గడిపిన మనిషి. రిటైరై సొంతింటికి మారాక చేతులు ఊరుకోలేదు, ఫోన్లో ఒంటివేలితో తెలుగులో బ్లాగు రాయడం మొదలెట్టారు. పేరు కూడా ‘ఆఖరి డబ్బా’. డ్యూటీ మధ్యలో పడుకునే రన్నింగ్ రూములో వండుకున్న పప్పుచారు, వానలో ఆగిపోయిన బండి, ఎవరింట్లో ఎవరికి పెళ్ళి కుదిరింది, ఒకటని కాదు! రోజూ పొద్దున్నే తెలుగువాళ్ళ గ్రూపులో లింకు పడేది. విజయనగరంలో ఉన్న చుట్టాల దాకా అది పాకిపోయేది. నాకేమో తెలుగు కూడబలుక్కుని చదవడమే వచ్చు, అయినా కాఫీతో పాటు అది ఉండాల్సిందే.

ఆరేళ్ళ కిందట నెహ్రూ నగర్లో నలుగురం కలిసి యాప్‌లు తయారుచేసే చిన్న ఆఫీసు పెట్టాం. అబ్బో, అప్పటి నా ఊపు చూడాలి! ఇస్త్రీ కొట్టు కనిపించినా దీనికో యాప్ ఉండాలి అనిపించేది. ఓ ఆదివారం మామయ్య ఇంటికి ఉరికాను. “మామయ్యా, మన బ్లాగుని యాప్ చేసేద్దాం!”

ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నారు. “అచ్ఛా. చేస్తే, చదివేవోళ్ళకి ఏటి లాభం?”

“మీరు రాయగానే వాళ్ళ ఫోన్లో గంట మోగుతుంది. సిగ్నల్ లేని అడవి సెక్షన్లో డ్యూటీ పడ్డవాళ్ళు కూడా చదువుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, మీరు చదివి వినిపించొచ్చు. మాలాంటివాళ్ళకి చదవడం సరిగ్గా రాదు గానీ వింటే అర్థమవుతుంది కదా.”

ఆ చివరి మాటకి మామయ్య కుర్చీలోంచి లేచిపోయారు. “నా గొంతా? మంగా, విన్నావా? నా గొంతు పెడతాదట ఈ పిల్ల!” మంగత్తయ్య వంటింట్లోంచి, “ఇంట్లో వినేది చాల్దేటి?” అంది. అందరం ఒకటే నవ్వు. అప్పుడాయన వేలు చూపించి మరీ చెప్పారు. “ఒక్క షరతు పాపా. ఇప్పుడు చదువుతున్నోళ్ళలో ఒక్కలు కూడా దిగిపోకూడదు. దిగిపోయారంటే నేను రాయడం మానీస్తాను, నీకు తెలుసు గదా నా సంగతి.” తెలుసు. అన్నమాట తప్పే మనిషి కాదు.

రెండు నెలలు ఒళ్ళు తెలియకుండా పనిచేశాను. రికార్డింగంతా వాళ్ళ సామాన్ల గదిలోనే. కిటికీకి బొంతలు కట్టి, మామయ్యని మధ్యలో కూర్చోబెట్టి చదివించాను. ఇంజను కూత వినిపిస్తే చాలు, చదవడం ఆపి అది ఏ బండో, ఎంత ఆలస్యమో చెప్పేవారు! అవి కూడా తీసెయ్యకుండా ఉంచాను. యాప్ విడుదలైన పొద్దున్న రైల్వే కాలనీ అంతా టింగుమని మోగింది. మా పిన్ని కూతురు, తెలుగు ముక్క చదవలేనిది, చెవిలో పెట్టుకుని విని, “దీదీ, నానాజీ వాళ్ళు ఇలా మాట్లాడేవారా!” అంది, మా తాతని తలుచుకుని. నాకు గాల్లో తేలుతున్నట్టుంది. ఆ ఊపులోనే తెలివితక్కువ పని చేశాను. పాత బ్లాగు ఉంటే జనం బద్ధకిస్తారని దాన్ని మూసేశాను. ఏ లింకు నొక్కినా ‘యాప్ వేసుకోండి’ అనే పేజీ ఒక్కటే వచ్చేలా పెట్టాను. మామయ్యకి చెప్పనైనా లేదు.

నాలుగో రోజు వెళ్ళి ఎంతమంది వేసుకున్నారో గొప్పగా చూపించాను. ఆయన అంకె వైపు చూడలేదు.

“బండి పూర్తిగా వచ్చిందా?” అన్నారు.

“అంటే?”

“ఇంజను కనబడగానే బండి వచ్చీసినట్టు కాదమ్మా. ఆఖరి పెట్టె వెనక ఒక బోర్డుంటాది. స్టేషనోళ్ళు అది కళ్ళారా చూసుకుంటే గానీ వచ్చిందని రాసుకోరు. మధ్యలో పెట్టెలు తెగి వెనకాల ఉండిపోతే?” నా ఫోను పక్కకి తోసి అడిగారు. “చిట్టెమ్మ ఏదీ? నాలుగు రోజులై ఆవిడ మాట పడలేదు.”

చిట్టెమ్మ ఎవరో నాకు తెలీదు. ప్రతి పోస్టు కిందా ‘బావుంది బాబూ’ అని రాసే పేరు మాత్రం గుర్తుంది. ఆవిడ భర్త పట్టాలు బాగుచేసే గ్యాంగులో పనిచేసేవాడు, చనిపోయాడు, ఆవిడ సిర్గిట్టి గోడౌన్లో సంచులు కుడుతుంది. ఇదంతా మామయ్యే చెప్పారు. తర్వాత ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేశారు. మూడు రోజులు ఒక్క అక్షరం రాయలేదు. యాప్ గంట మోగలేదు. ఏం చెప్పను, నాకు అన్నం సహించలేదు. వారం తిరిగేసరికి ఆయన్ని స్కూటర్ వెనక ఎక్కించుకుని సిర్గిట్టి వెళ్ళాను.

మధ్యాహ్నం భోజనాల వేళ. మామయ్యని చూడగానే చిట్టెమ్మ గబుక్కున లేచింది. “మీరు బాగున్నారా బాబూ! నేనేటో అనుకుని భయపడిపోయాను.” పగిలిన అద్దం ఉన్న పాత ఫోను తీసి చూపించింది. యాప్ వేసుకుందామని నొక్కితే జాగా లేదంటోందట. అందుకని ఫోటోలు తీసేసిందట, రోజుకి కొన్ని. మనవరాలి అన్నప్రాసన, కూతురి సీమంతం, అన్నీ. అయినా జాగా రాలేదు. “ఇంక ఇదొక్కటే ఉంది బాబూ. దీన్ని తియ్యడానికి నాకు చెయ్యి రాలేదు.” తెర మీద ఆవిడ భర్త, భుజాన సమ్మెటతో, పట్టాల పక్కన నవ్వుతూ.

సిగ్గుతో చచ్చిపోయాను. నా అంకె పెరగడం కోసం ఈవిడ తన ఇంటిని ఖాళీ చేసుకుంటోంది. “ఇలా ఇయ్యండి అత్తా” అని ఫోను తీసుకుని వెతికాను. అయ్య బాబోయ్, అన్నీ ఉన్నాయి! తీసేసినవన్నీ ఫోను చెత్తబుట్టలోనే పడి ఉన్నాయి. అందుకే జాగా రాలేదు. ఒక్కొక్కటే వెనక్కి తెస్తుంటే చిట్టెమ్మ కేకలు పెట్టింది, “అదిగో మా బుల్లి! అదిగో సీమంతం!” మిగతా ఆడవాళ్ళు అన్నాలు వదిలేసి మూగారు. నేను బియ్యం సంచి మీదే ల్యాప్‌టాప్ తెరిచి పాత బ్లాగు మళ్ళీ నిలబెట్టాను. ఆవిడ పాత లింకు నొక్కింది. తెరుచుకుంది. మర్నాడు పొద్దున్నే మామయ్య కొత్త పోస్టు పెట్టారు.

యాప్ తీసెయ్యలేదు. రోజూ వచ్చేవాళ్ళకీ, వినేవాళ్ళకీ అది నిజంగా మేలే, పిల్లలు ఆ రికార్డింగులు విని తెలుగు మాట్లాడటం నా కళ్ళతో చూశాను. కానీ బ్లాగు తలుపు ఎప్పుడూ తెరిచే ఉండాలి. ఎవరో పంపిన లింకు పట్టుకుని మొదటిసారి వచ్చే మనిషికి యాప్ ఎందుకు? ఇప్పుడు ఎవరు యాప్ కావాలన్నా ముందు వాళ్ళ చదువరుల్లో చిట్టెమ్మ ఎవరో వెతికి, పక్కన కూర్చుని ఆవిడ ఫోను చూస్తాను. ఆఫీసులో దీన్ని చాదస్తమంటారు. అననీ!

మామయ్య పోయి రెండేళ్ళయింది. పోయిన నెల చిట్టెమ్మ కొత్త ఫోనుతో మా ఆఫీసు మెట్లెక్కింది. “పాపా, ఇందులో బోలెడంత జాగా ఉందట. ఆ గంట మోగే యాప్ నాకూ పెట్టు, బాబు గొంతు వింటాను.” పెట్టి ఇచ్చాను. మొదటి పోస్టు మీద నొక్కింది. మామయ్య గొంతు గదంతా నిండింది, వానలో ఆగిపోయిన బండి గురించి, మధ్యలో ఏదో ఇంజను కూత, “అదిగో, ఇరవై నిమిషాలు లేటు” అంటూ. చిట్టెమ్మ ఫోను రెండు చేతులతో పట్టుకుని చివరిదాకా వింది. కళ్ళు తుడుచుకోకుండానే ఆ పోస్టు కింద ఏదో రాయడం మొదలుపెట్టింది.