బీడీ ఆకు మట్టి

బోధన్ బస్సులో నా ఒడిలో బోన్సాయ్ అజేలియా పూలమొక్క ఉంది. లోతైన పింగాణీ కుండీ, నిండా నల్లమట్టి. మూడేళ్లుగా ఒక్క పువ్వు పూయలేదు. పక్కన కూర్చున్నామె ఒడిలోనూ అజేలియానే, అదీ పాత సత్తు పళ్లెంలో. ఎడపల్లి వచ్చేలోపు దాని పూలు రెండుసార్లు లెక్కపెట్టాను. పదకొండు. కడుపు మండిపోయింది.

ఆమె రెండు వేళ్లతో నా మొక్క మొదలు లావు కొలిచి, ఆ వేళ్లనే కుండీ పక్కన ఆనించి చూపింది.

"మొదలు ఎంత లావుంటే గిన్నె గంత లోతుంటే సాలక్కా. నల్లమట్టిల నీళ్లు నిలిచి ఏర్లు మురుగుతయి. నేనైతే బీడీలు సేసినంక మిగిలిన ఆకు ముక్కలు మురగబెట్టి, సన్న ఇటుక ముక్కలల్ల కలిపిన. పళ్లెం అడుగున బొక్కలు గూడ కొట్టిన."

"నాకెరికే," అని కిటికీ వైపు తిరిగాను.

ఇంటికెళ్లిన మర్నాడే బీడీలు చేసే వాళ్ల వాకిట్లో ఆకు ముక్కలు అడిగి తెచ్చుకున్నాను. అవి మురిగాక మొక్కను పళ్లెంలోకి మార్చాను. ఎవరు నేర్పారంటే నేనే కనుక్కున్నానని చెబుతాను.

ఈ ఏడు అది పూసింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. నేను మాత్రం రెండుసార్లు లెక్కపెట్టాను.

తొమ్మిదే.