వానలో ఆరేసిన చీరలు

కరీమున్నీసా నగలు లేకుండా ఉండగలదు, సినిమాలు లేకుండా ఉండగలదు. నెత్తి మీద కాసింత ఆకాశం లేకపోతే మాత్రం ఆమెకు ఊపిరాడదు. అది ఆమె తప్పు కాదు. పుట్టి పెరిగింది పాత ఊళ్ళో, బట్టలకు రంగులద్దే షరీఫ్ సాహెబ్ ఇంట్లో. ఆ ఇంటి నడుమ పైకప్పు లేని పెద్ద వాకిలి, చుట్టూ ఎత్తు గోడలు. వాకిలి నిండా తీగల మీద ఎర్రవీ పచ్చవీ చీరలు ఆరుతుండేవి. పరాయి మగవాడి చూపు పడదు గానీ ఎండా గాలీ ధారాళంగా పడేవి. అలాంటి పిల్లను పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసే గులాం మొహమ్మద్‌కిచ్చి పెళ్ళి చేసి, డెబ్బై నాలుగులో మల్కాపురం అద్దె ఇంటికి కాపురానికి పంపారు.

వరస ఇళ్ళలో అదొకటి. పెరడు ఉంది, అందులో మట్టి కూడా మంచిదే. ఏం లాభం? పక్క పెరడుకీ దీనికీ మధ్య గోడ లేదు. ఆ పక్క పెరట్లోనే వరసంతటికీ ఒకే కుళాయి. తెల్లారింది మొదలు మగవాళ్ళు లుంగీలు ఎగ్గట్టి, వేపపుల్లలు నములుతూ అక్కడ బారులు తీరేవారు. పరదా పాటించే ఇంటి కోడలు ఇక పెరట్లోకి ఎలా వస్తుంది? గోడ కట్టించమని ఇంటివాణ్ణి అడిగితే "సూద్దాం" అన్నాడు. ఇంటివాళ్ళ భాషలో చూద్దాం అంటే లేదనే అర్థం.

అందుకని కరీమున్నీసా పుట్టింటి నుంచి గోరింట కొమ్మలు తెచ్చి హద్దు పొడుగునా గుచ్చింది. గోరింట తొందరగా ఎదిగే మొక్క. రెండో ఏటికి భుజాల ఎత్తు వచ్చింది. ఆ పచ్చటి చాటున పీట వేసుకుని బియ్యంలో రాళ్ళేరుకుంటూ, తల ఆరబెట్టుకుంటూ, హార్బరులో ఓడ కూత వింటూ ఆమె మళ్ళీ మనిషయింది.

అప్పుడొచ్చింది ఆషాఢం.

ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోని ఆడది మల్కాపురంలో ఉంటుందా? మొదట పక్కింటి వరహాలమ్మ వచ్చింది. ఆమె పోర్టు కలాసీ అబ్బులు పెళ్ళాం. మనిషి పొట్టి, గొంతు మాత్రం పోర్టు సైరన్‌కు తోబుట్టువు. "గుప్పెడాకు దూసుకుంతానక్కా" అని గుప్పెడు అడిగి చాటెడు దూసింది. ఆమె వెనక వరసంతా వచ్చింది. మెహందీ అడిగిన ఆడపిల్లను ఒట్టి చేతులతో పంపకూడదని కరీమున్నీసా వాళ్ళమ్మ మాట. కాదనలేక అందరికీ ఊఁ అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, ఇక్కడ అందరి చేతులూ పండాక చూస్తే కంచెకు ఆకులే లేవు. పుల్లలు మిగిలాయి.

ఆ సాయంత్రం గులాం మొహమ్మద్ డ్యూటీ దిగి వచ్చేసరికి, పుల్లల అవతల నీలకంఠమనే మేస్త్రీ ఒళ్ళంతా సబ్బు నురగతో నిలబడి "నమస్తే భాయ్" అని నిండుగా పలకరించాడు. గులాం మొహమ్మద్ చెడ్డవాడు కాడు, కాస్త పరువు మనిషి. ఇంట్లోకి వచ్చి ఒకటే మాట అన్నాడు. పాత ఊళ్ళో అన్నగారి మేడ మీద గది ఖాళీగా ఉంది, నెల దాటగానే అక్కడికి పోదామని.

ఆ గది కరీమున్నీసాకు తెలుసు. ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. అందులో బతుకంతా గడపాలన్న ఆలోచనకే ఆమె పెరటి గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. పుల్లల కంచె ఏడుపును కూడా దాచలేదు. వరహాలమ్మ బిందె దించి వచ్చింది.

"ఏటక్కా? ఏటయినాది?"

కరీమున్నీసా సంగతంతా చెప్పింది. వరహాలమ్మ తన ఎర్రటి అరచేతుల వైపు ఒకసారి చూసుకుంది.

మర్నాడు పొద్దున్నే వరహాలమ్మ పుల్లల వెంబడి ఈ మూల నుంచి ఆ మూలకు తాడు కట్టింది. ఒంటి మీది చీర కాక ఆమెకున్నవి రెండే. ఒకటి నీలం నేతచీర, ఇంకొకటి పెళ్ళినాటి ఎర్రది. రెండూ తడిపి, అవతలి మనిషి కంటికి ఆనకుండా సగానికి మడిచి, తాడుకు పొడుగ్గా తగిలించింది. "పీటేసుకుని కూకో అక్కా. ఎవుడు సూత్తాడో నాను సూత్తాను" అంది. ఆ ఆదివారం పెందుర్తిలో ఉండే తమ్ముడు సత్యం చేత నూరు వరహాల మొక్కలు గోనెలో తెప్పించింది. అవి కొమ్మలు కోసి గుచ్చినవి కావు. తల్లిచెట్టు కొమ్మను నేలకు వంచి, మట్టి కప్పి, రాయి పెట్టి, వేరు పోసుకున్నాక విడదీసిన అంట్లు.

"ఇది ఏడాదంతా పచ్చగుంతాది. దీని ఆకు ఎవులికీ అక్కర్లేదక్కా, పువ్వే గావాల" అంది వరహాలమ్మ. గులాం మొహమ్మద్ ఆ మొక్కల్నీ, ఆ చీరల్నీ చూసి, మేడగది మాట అప్పటికి వాయిదా వేశాడు. కంచె లేస్తే ఉందాం, లేకపోతే పోదాం అన్నాడు.

నూరు వరహాలు గోరింటలాగా ఉరుకులు పెట్టే రకం కాదు. నింపాదిగా ఎదుగుతుంది. కరీమున్నీసా బియ్యం కడిగిన నీళ్ళు పోసేది, కుళ్ళిన పేడ వేసేది, రోజూ తన పక్కన నిలబెట్టి ఎత్తు చూసుకునేది. అది ఎదిగినన్నాళ్ళూ, అంటే రెండు వానాకాలాలు దాటి, ఆ చీరలు రోజూ తాడెక్కాయి. ఎండ కాసినా ఎక్కాయి, కుండపోతగా కురిసినా ఎక్కాయి. వరసలో ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. "వానలో సీరలారేత్తన్నాదేటే! వరాలమ్మకి మతి పోనాదా?" అన్నారు. "మా ఇంటి సీరలు వానలోనే ఆరతాయి, నీకేటి?" అని కసిరేది వరహాలమ్మ. కారణం మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే ముసల్మాను ఇంటి పరదా పది నోళ్ళలో నానుతుందని ఆమెకు తెలుసు.

మధ్యలో గులాం మొహమ్మద్ ఒక ఘనకార్యం చేశాడు. పోర్టు ఆఫీసర్ల బంగళాల ముందు పెట్టెల్లా కత్తిరించిన పచ్చ కంచెలు చూసి ముచ్చటపడి, రేకులు కత్తిరించే కత్తెరతో నాలుగు పక్కలా చక్కగా చదును చేశాడు. కంచె గుబురెక్కింది, నిజమే. కానీ ఆ ఏడు ఒక్క పువ్వు రాలేదు. పువ్వు పూసేది కొమ్మ కొసనే మరి. "బాయిగోరూ, సింహాచలం అప్పన్న సామికి ఆకులెట్టమంతారేటి?" అని అటునుంచి వరహాలమ్మ గొంతు వినిపించింది. ఆ తర్వాత రాజీ కుదిరింది. ఇటువైపు కత్తెర, అటువైపు పూలు.

డెబ్బై తొమ్మిది వానలకు కంచె భుజాలు దాటింది. అటువైపంతా ఎర్రటి గుత్తులు. ఆ ఉదయం వరహాలమ్మ తాడు విప్పేసింది. కంచె సందులోంచి కనిపిస్తున్న ఎర్రచీరను కరీమున్నీసా "ఒకసారి ఇటివ్వు" అని అడిగి తీసుకుంది.

రంగులద్దే ఇంటి ఆడపిల్ల. విప్పగానే తెలిసిపోయింది. మడతలో వరహాలమ్మ వైపు, చూరు నీడన ఉన్న సగం ఇంకా ఎర్రగానే ఉంది. పడమటి ఎండకు తన వైపు తిరిగి ఉన్న సగం వెలిసి పాత ఇటుకలా అయిపోయింది. అది పెళ్ళిచీర. ఇన్నాళ్ళూ దాని నీడనే తాను తల దువ్వుకుంది, పాటలు పాడుకుంది, ఒక్కసారైనా తలెత్తి దాని రంగు చూడలేదు. కరీమున్నీసాకు కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు. కన్నతల్లి కూడా తనకింత చేసి ఉండదనిపించింది.

ఆ మధ్యాహ్నమే బురఖా వేసుకుని పాత ఊరు వెళ్ళి, చీరను తండ్రి ముందు పెట్టింది. షరీఫ్ సాహెబ్ తన చేతనైనంతా చేశాడు. రెండుసార్లు ముంచాడు, మూడోసారీ ముంచాడు. చీర కొత్తదానిలా మెరిసింది గానీ, సగం ముదురు ఎరుపు, సగం లేత ఎరుపు. "వెలిసిన చోట పాత రంగు రాదు బేటీ" అన్నాడు.

కరీమున్నీసా ఇంటికొచ్చి, సిగ్గుపడుతూనే చీరను కంచె మీదుగా అందించింది. వరహాలమ్మ అప్పటికప్పుడే లోపలికి వెళ్ళి కట్టుకొచ్చింది. కుచ్చిళ్ళు ముదురు, పైట లేత.

"రెండు రంగులు కలవలేదు వరాలూ. నీ పెళ్ళిచీర నావల్లే పాడైంది" అంది కరీమున్నీసా.

"పాడేటక్కా! మడతలో నా వేపున్న సగం నాది, నీ వేపున్న సగం నీది. మనిద్దరి సీరా నానొక్కద్దాన్నే కట్టుకుంతన్నాను, నీకు సాలదేటి?" అంది వరహాలమ్మ.

అని, పైట వైపు సగాన్ని భుజం మీదికి లాక్కుని, సింహాచలం బస్సుకు టైమైందంటూ కంచెకు తన వైపున్న పూలు కోసుకోసాగింది.