మామిడి కాలంలో మా నాయన దవడ

మా నాయన పళ్ళు కొరికేవాడు. కోపంతో కాదు, నిద్రలో. కోపం వస్తే ఆయన చేసేది ఒక్కటే, ఇంకో గ్లాసు మజ్జిగ అడగడం. అంత నెమ్మదస్తుడి నోట్లోంచి నిద్రపట్టగానే రాయి మీద రాయి నూరినట్టు చప్పుడు వచ్చేది.

మేము చిత్తూరులో ఉండేవాళ్ళం. డెబ్బైల చివరి మాట. నాయన మామిడికాయల మండీలో దళారి. కాయలు తెచ్చే రైతుకూ కొనే వ్యాపారికీ మధ్య బేరం కుదర్చడం ఆయన పని. ఎండాకాలం వస్తే వీధిలో అందరిలాగే మేమూ మిద్దె మీద పడుకునేవాళ్ళం. మిద్దెలన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి, మధ్యలో మోకాలెత్తు పిట్టగోడ. పగలంతా ముక్తసరిగా మాట్లాడే నాయనకు మిద్దె ఎక్కితేనే నోరు పెగిలేది. ఏ తోటలో కోతులు కాపలావాణ్ణి ఎలా ఏడిపించాయో, ఏ రైతు ఎలా నడుస్తాడో చేసి చూపించి మమ్మల్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించేవాడు. ఆ కబుర్ల కోసం నేను పొద్దు వాలకముందే మిద్దె మీద నీళ్ళు చల్లి, చాపలు పరిచి పెట్టేదాన్ని. నాకప్పుడు పన్నెండేళ్ళు.

ఒకరోజు తెల్లవారి పక్కమిద్దె పెద్దాయన వేపపుల్ల నములుతూ, "రాత్రి మీ మిద్దె మీద చెరుకు గానుగ ఆడించినారా అప్పా?" అని అడిగాడు. సరదాకే అన్నాడు. నాయన కూడా నవ్వాడు. కానీ ఆ రాత్రి చాప చంకన పెట్టుకుని కింద గదిలోకి దిగిపోయాడు. పైన చల్లగాలికి పడిశం పడుతుందట. మే నెలలో, చిత్తూరులో, చల్లగాలికి పడిశం! అమ్మ ఆయన చాప పరిచే చోటు మాత్రం ఖాళీగానే ఉంచింది. నాకు పక్కమిద్దె పెద్దాయన మీద ఒళ్ళు మండిపోయింది. వారం రోజులు ఆయన ఎదురుపడితే మూతి తిప్పుకుని పోయాను.

వైద్యం మా అవ్వ చేతుల్లోకి తీసుకుంది. కడుపులో నులిపురుగులు ఉంటేనే పళ్ళు కొరుకుతారని ఆమె సిద్ధాంతం. అది పిల్లల సంగతి కదా అని అమ్మ గొణిగితే, మరి వీడు నా పిల్లవాడు కాదా అంది అవ్వ. మూడు రోజులు వేపాకు ముద్ద, మూడు రోజులు వాము కషాయం. అవి పారకపోయేసరికి ఆముదం పట్టించింది, అదీ మండీకి కాయ విరగబడి వచ్చే రోజున. ఆ పూట ప్రతి బేరమూ తేలే సమయానికి దళారి మాయమయ్యేవాడట. అంత జరిగాక కూడా చప్పుడు ఆగలేదు, అవ్వ నమ్మకమూ సడలలేదు.

తర్వాత ఒక పొద్దున నాయన నోట్లో ఏదో ఇసుకరాయి తగిలిందని ఉమ్మేసి చూస్తే, అది ఆయన దవడపంటి ముక్క. దాంతో అమ్మ గట్టిపడింది. తిరుపతిలో పళ్ళ డాక్టరమ్మ ఉందని విని, మమ్మల్ని ఇద్దర్నీ బస్సెక్కించింది. నన్నెందుకంటే, ఒంటరిగా పంపితే ఆయన డాక్టరు ముఖం చూడకుండా నేరుగా కొండెక్కి, గుండు కొట్టించుకుని, పని అయిపోయిందని తిరిగొచ్చే రకం.

డాక్టరమ్మ చిన్న వయసుది. పొద్దున్నే కణతలు నొప్పి పెడుతున్నాయా అని అడిగింది. అవునన్నాడు నాయన, ఇన్నాళ్ళూ అది ఎండదెబ్బ అనుకున్నానన్నాడు. ఆమె ఆయన్ని పళ్ళు బిగించమని, నా వేళ్ళు తీసుకుని ఆయన చెంప మీద పెట్టింది. చెవి కింద, దవడ మూల, నిమ్మకాయంత కండ పైకి లేచింది. నాకు నవ్వాగలేదు. పురుగులకూ దీనికీ సంబంధం లేదని చెప్పింది ఆమె. పగలు పళ్ళు బిగబట్టే అలవాటున్న చాలామంది దాన్నే నిద్రలోకి మోసుకుపోతారట. ఏడాది పొడవునా ఉందా అని అడిగితే నాయన తెల్లముఖం వేశాడు. చలికాలంలో లేదని నేను చెప్పాను.

"నిద్దర్లో ఉండే మనిషికి ఎవురూ చెప్పలేరు పాపా. మెలకువలో యాడ కరస్తా ఉండాడో నువ్వే కనిపెట్టు. ఊరికే ఉండేటప్పుడు పెదాలు కలిసుండాల, పండ్లు కలవకూడదు, అంతే" అంది డాక్టరమ్మ. పళ్ళ అచ్చు తీసుకుని, వారం తర్వాత రమ్మంది. రాత్రిపూట పళ్ళకు తొడుక్కునే ఒక తొడుగు చేసిస్తుందట. అది కొరకడాన్ని ఆపదు గానీ పళ్ళు అరగకుండా కాస్తుందని ముందే చెప్పింది. ఆ తొడుగు ఇంటికొచ్చినప్పుడు అవ్వ దాన్ని తిప్పితిప్పి చూసి, బంగారంలాంటి పళ్ళు నోట్లో ఉండగా పైన ఇదొకటా అని ముక్కున వేలేసుకుంది. నాయన దాన్ని తొడుక్కున్నా కింద గదిలోనే పడుకునేవాడు.

నేను మాత్రం డాక్టరమ్మ అప్పగించిన పనిలో పడ్డాను. సెలవులు కాబట్టి మధ్యాహ్నం మండీకి క్యారియరు నేనే తీసుకెళ్ళేదాన్ని. మండీలో ధర నోటితో చెప్పరు. దళారీ వ్యాపారీ చేతులు కలిపి, మీద తువ్వాలు కప్పుకుని, లోపల వేళ్ళు పట్టి ధర చెప్పుకుంటారు. పక్కనున్నవాడికి వేళ్ళూ కనిపించకూడదు, ముఖంలోనూ ఏమీ కనిపించకూడదు. తువ్వాలు కింద నాయన చెయ్యి వెళ్ళగానే చూశాను. చెవి కింద నిమ్మకాయ లేచింది. బేరం తెగేదాకా దిగలేదు. వెంటనే ఇంకో తువ్వాలు, ఇంకో నిమ్మకాయ. పొద్దున్నుంచి సాయంత్రందాకా అలా ఎన్ని బేరాలో!

ఇంటికొచ్చాక ఆ సంగతి చెబితే మొదట కొట్టిపారేశాడు. దళారి ముఖం వదులైతే ధర బయటపడుతుందన్నాడు. నేను మొండిదాన్ని, వదల్లేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. కండ లేచినప్పుడల్లా నేను ఎదురుగా నిలబడి నా చెంప మీద వేలు పెట్టుకోవాలి, అది చూసి ఆయన పళ్ళు వదలాలి. మూడు రోజులు బ్రహ్మాండంగా సాగింది. లేచిన నిమ్మకాయ నా వేలితో దిగిపోతుంటే నేను పెద్ద డాక్టరైపోయినట్టు పొంగిపోయాను.

నాలుగో రోజు, అరవదేశం నుంచి వచ్చిన ఒక వ్యాపారి బేరం మధ్యలో తువ్వాలు లాగేశాడు. ఈ పిల్ల ఎవరికో ధర సైగ చేస్తోంది, నేను ఇందాకట్నుంచీ చూస్తున్నాను అన్నాడు. చుట్టూ జనం మూగారు. మండీలో దళారికి నమ్మకమే పెట్టుబడి, అది పోతే మళ్ళీ ఎవరూ ఆయన తువ్వాలు కింద చెయ్యి పెట్టరు. నాకు ఏడుపొచ్చేసింది. చెంప మీదున్న వేలు వీపు వెనక్కి దాచుకున్నాను.

నాయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు. నన్ను దగ్గరికి లాక్కున్నాడు.

"నేను నిద్దర్లో పండ్లు కొరుకుతా అప్పా. ఆ చప్పుడుకి సిగ్గయి మిద్దె దిగి ఒంటిగా పండుకుంటా ఉండాను. పగలు కరిస్తే గుర్తు సెయ్యమని మా పాపకు నేనే సెప్పినాను" అన్నాడు. అని నోరు తెరిచి విరిగిన పన్ను చూపించాడు.

ఒక ముసలి రైతు మెల్లగా తన చెంప తడుముకున్నాడు. ఆయన్ని చూసి పక్కనున్నవాడు, వాణ్ణి చూసి ఇంకొకడు. పళ్ళు బిగించి వదిలి, బిగించి వదిలి చూసుకుంటున్నారు. మండీకి మండీ దవడలు పట్టుకుని నిలబడింది. ఆ వ్యాపారి కూడా చెంప మీద చెయ్యి పెట్టుకుని, తనను కూడా ఈ చప్పుడుకే ఇంట్లోవాళ్ళు ఆవుల కొట్టంలో పడుకోమంటున్నారని ఒప్పేసుకున్నాడు. అప్పుడు లేచిన నవ్వుకు కాయల గుట్టల మీద కునుకుతున్న హమాలీలు ఉలిక్కిపడి లేచారు. ఆ బేరం అక్కడే తెగింది. ఆ మధ్యాహ్నం నుంచే తువ్వాలు కప్పిన ప్రతిసారీ ఎవడో ఒకడు "పండ్లు ఇడువప్పా" అని కేకేయడం మొదలైంది.

ఆ సాయంత్రం నాయన చాప పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. తొడుగు తొడుక్కుని, మాట ముద్దముద్దగా వస్తున్నా లెక్కచేయకుండా, మండీ మొత్తం దవడలు పట్టుకున్న వైనం అభినయించి చూపించాడు. పిట్టగోడకు అవతల పక్కమిద్దె పెద్దాయన దగ్గు తెరలు వచ్చేలా నవ్వాడు. నేను ఆయన్ని క్షమించేశాను. చాలా రోజులకు నాకు కడుపు నిండినట్టు నిద్రపట్టింది.

తెల్లవారి నాకు మెలకువ వచ్చేసరికి నాయన లేచి కూర్చుని ఉన్నాడు. పరీక్ష ఫలితం కోసం వచ్చిన పిల్లవాడిలా అమ్మ ముఖంలోకి చూస్తున్నాడు.

"కొరికినానా?"

అమ్మ దుప్పటి మడతపెడుతోంది. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు.

"కొరికినారు, రెండు తూర్లు" అంది. "ఈ పొద్దు కూడా మీ సాప ఈడనే పరస్తా."