ఒక పోగు పాచి

ఈ పొద్దున మిద్దె మీద నీళ్ల డ్రమ్ము కడుగుతుంటే గోళ్ల సందుల్లోకి పచ్చటి పాచి దూరింది. సబ్బు పెట్టి ఎంత తోమినా ఆ వాసన పోలేదు. కాఫీ గ్లాసు నోటి దగ్గరికి తెచ్చుకున్నా అదే వాసన. చిరాకు పడాల్సిందాన్ని, నవ్వుకుంటూ కూర్చున్నాను. నా మటుకు నాకు అది పాచి వాసన కాదు, రుక్మిణమ్మ మేడం వాసన. ఈ మాట ఆవిడ వింటే గొడుగు తిరగేసి నాలుగు తగిలించేది.

డెబ్బయ్యవ దశకం చివర్లో అనంతపురంలో ఒక ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. మాది ధర్మవరం, మగ్గాల ఇల్లు. రుక్మిణమ్మ గారు మా శాఖకు హెడ్డు. కంబదూరు పక్కన వాన మీద ఆధారపడి వేరుశనగ వేసే కుటుంబంలో పుట్టిన మనిషి. మాట కరుకు, నడక వేగం. ఒకసారి రామేశ్వరం వెళ్లినప్పుడు నిమ్మకాయంత పగడపు ముక్కను, రెండు చిన్న చేపలను ప్రాణంతో తీసుకొచ్చి, ప్రయోగశాల కిటికీ పక్కన గాజు తొట్టిలో పెట్టింది. వాటికి కావలసిన ఉప్పునీళ్లు మద్రాసు నుంచి క్యాన్లలో రైలెక్కి వచ్చేవి. తాగే నీళ్లకే బిందెలు వరుసలో పెట్టే ఊళ్లో ఈ వైభవం చూసి నవ్వనివాళ్లు లేరు. ఆవిడ పట్టించుకునేది కాదు.

"మన పిల్లోళ్లు పుస్తకంలో బొమ్మ చూసి పగడమంటే రాయి అనుకుంటాండారు. అది బతికుండే జీవమని ఒక్కసారన్నా కండ్లతో చూడల్ల" అనేది.

నిజానికి ఆ ముక్క నిండా సన్నటి నోళ్లు ఉంటాయి. నీళ్లు బాగుంటే అవి విచ్చుకుని, ఆవగింజంత వేళ్లు బయటికి చాపుతాయి. మాకు వచ్చిన కొత్తలో చాపాయి కూడా. పిల్లలకు చూపించే లోపలే పాచి మొదలైంది. ముందు అద్దానికి, తర్వాత రాళ్లకు, చివరికి పగడం అంచులకు పచ్చటి జుట్టులా పట్టుకుంది. అది కప్పేసిన చోటల్లా పగడం తెల్లబడి చచ్చిపోతుంది. మేం పట్టకారుతో పీకాం, మధ్యాహ్నపు ఎండ పడకుండా కిటికీకి గుడ్డ కట్టాం, రబ్బరు గొట్టంతో అడుగు నీళ్లు లాగి కొత్త నీళ్లు పోశాం. వారం తిరక్కుండానే మళ్లీ మొదటికి వచ్చేది. నేను విసురుగా పీకితే మేడం నా మణికట్టు పట్టుకునేది. "నిదానంగా తీయ్. తెగనీయొద్దు. తెగిన తునక యాడ పడితే ఆడ మళ్లా మొలుస్తాది."

ఒకరోజు ప్రిన్సిపాల్ గారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చారు. రసాయనశాస్త్రం మనిషి, ఊళ్లో తోటలు దొడ్లు ఉన్న ఆసామి. "ఏమ్మా రుక్మిణమ్మా, ఈ కంపు ఏందమ్మా? యూనివర్సిటీ వాళ్లు తనిఖీకి వచ్చేలోగా ఇది బాగుపడల్ల. లేకుంటే పారబోయిస్తా" అంటూ జేబులోంచి ఒక పొట్లం తీశారు. మైలుతుత్తం. "మా తోటలో నీళ్లతొట్టికి ఇదే ఏస్తాం. చిటికెడు చాలు."

"పాచి చస్తాది సార్. దాంతోపాటు పగడమూ చస్తాది" అని మేడం ఆ పొట్లాన్ని అటక మీద పెట్టేసింది. ఆయన వెళ్లాక మాత్రం స్టూలు మీద కూలబడింది. మరుసటి ఏడు ఆవిడ రిటైరవుతుంది. ఇంకో పగడం తెచ్చే ఓపిక లేదని నాకు తెలుసు. నాకు ఏడుపొచ్చింది, ఆవిడకు రాలేదు.

దసరా సెలవుల్లో కాలేజీకి తాళం పడింది. మేడం, నేను మాత్రం వచ్చి చేపలకు రవ్వంత మేత వేసి వెళ్లేవాళ్లం. సెలవులు అయ్యేసరికి పాచి పలచబడింది. హమ్మయ్య అనుకున్నాను. కాలేజీ తెరిచారో లేదో మళ్లీ దట్టంగా పెరిగింది. మేడం తొట్టి ముందు నిలబడి చాలాసేపు చూసింది. "కలుపు ఇంత ఏపుగా వస్తాండాదంటే ఎవరో ఎరువు ఏస్తాండారు" అంది.

మర్నాడు క్లాసులకు ముందే నన్ను లాక్కెళ్లి నమూనాల బీరువా వెనక నిలబెట్టింది. ముందు అటెండరు హుసేన్ అన్న చీపురుతో వచ్చాడు. తొట్టి మీదికి వంగి, "ఏమప్పా, తింటిరా?" అని చేపలను పలకరించి, మూటలోంచి రొట్టె తునక నలిపి వేశాడు. తర్వాత ఇద్దరు పిల్లలు వచ్చి బొరుగులు చల్లిపోయారు. ఆ తర్వాత వచ్చినది సాక్షాత్తూ ప్రిన్సిపాల్ గారు. అటూ ఇటూ చూసి, కోటు జేబులోంచి గుప్పెడు బొరుగులు తీసి, "పాపం, ఎట్ల చిక్కిపోయినారో చూడు" అన్నారు.

నాకు నవ్వు ఆగలేదు. మా సీమలో ఎదురుపడిన మనిషిని ముందు అడిగేది "తింటివా?" అనే. కరువు చూసిన జనం, ఎదుటి ప్రాణి ఆకలితో ఉందేమోనన్న అనుమానం కూడా ఓర్చుకోలేరు. చేపలు తినగలిగినంత తినేవి, మిగిలినదంతా కుళ్లి పాచికి బలమయ్యేది.

మేడం నవ్వలేదు. నెమ్మదిగా బీరువా వెనక నుంచి బయటికొచ్చింది. ఆయన గుప్పెట మూసుకుపోయింది.

"సార్, చంపమని మందిచ్చిన పాచిని మీరే మేపుతాండారు."

ఆయన బొరుగులు మళ్లీ జేబులో పోసుకున్నారు. తర్వాత చిన్నపిల్లాడిలా అడిగారు. "మరి ఊరికే ఎట్ల చూస్తా నిలబడేదమ్మా?"

ఆవిడకు ఆ ప్రశ్న నచ్చిందనుకుంటాను. పట్టకారు తీసి ఆయన చేతిలో పెట్టింది. "పెట్టబుద్ధి అయినప్పుడు ఒక పోగు పాచి తీయండి సార్. దీనికి కావల్సింది అదే."

ఆ రోజు నుంచి పట్టకారు తొట్టి పక్కనే దారానికి వేలాడేది. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఒక పోగు తీసి పోయేవాళ్లు. హుసేన్ అన్న చీపురు పక్కన పెట్టి తీసేవాడు. ప్రిన్సిపాల్ గారైతే రోజూ పొద్దున్నే కోటు చేతులు మడిచి మరీ తీసేవారు. చలి మొదలయ్యేసరికి రాళ్లు బయటపడ్డాయి. ఒక మధ్యాహ్నం ప్రాక్టికల్స్‌లో ఓ పిల్ల కేక పెట్టింది. "మేడం, రాయి చేతులు చాపుతాండాది!" పిల్లలందరూ తొట్టి చుట్టూ మూగారు. మేడం కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది, కళ్లు కూడా. యూనివర్సిటీ వాళ్లు వచ్చి హాజరు పట్టీలు చూసుకుని, టీ తాగి వెళ్లిపోయారు. తొట్టి వంక కన్నెత్తి చూడలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఆవిడకు జబ్బు చేసిందని తెలిసి కంబదూరు వెళ్లాను. సున్నుండల డబ్బా పట్టుకుని గదిలో అడుగుపెడితే, మంచం చుట్టూ బత్తాయిలు, గంజి గిన్నెలు, చెంచాలు పట్టుకున్న చుట్టాలు. "ఒక్క ముద్ద, ఒక్క ముద్ద" అంటున్నారు. ఆవిడ మొహం గోడ వైపు తిప్పుకుని ఉంది. జుట్టు ఉండలు కట్టిపోయింది. నా డబ్బా తలుపు వెనక పెట్టేసి, దువ్వెన తీసుకుని తల దగ్గర కూర్చున్నాను. చిక్కు ఒక్కొక్కటే విడదీస్తుంటే, కళ్లు తెరవకుండానే అడిగింది.

"పోగు తీస్తాండావా?"

"అవును మేడం."

"నిదానంగా తీయ్. తెగనీయొద్దు."

మా ఇద్దరి మధ్య అవే ఆఖరి మాటలు. ఇప్పటికీ ఎవరింట్లో కష్టమొచ్చినా నా చెయ్యి ముందు టిఫిను డబ్బా మీదికే పోతుంది, పుట్టిన గడ్డ అలాంటిది. డబ్బా తీసుకునే వెళ్తాను. వాళ్ల గుమ్మంలో మాత్రం ఒక్క క్షణం ఆగి, మూత తీయకముందు, లోపల తీయాల్సిన పోగు ఏదైనా ఉందేమోనని చూస్తాను.