సుద్దగీత

పట్టాల కింద కంకర కుదించే యంత్రాన్ని గూడ్సు బండి చివర తగిలించి పంపేటప్పుడు, దాని ఇనుప కాళ్లన్నీ పైకెత్తి, పిన్నులు దిగ్గొట్టి, ఒక్కో పిన్ను పక్కన సుద్దగీత గీస్తాడు ఆపరేటరు దాదాపీర్. బయల్దేరేముందు ఆ గీతల్ని బొటనవేలితో రుద్ది, వేలు చూసుకుంటాడు.

విజయవాడ యార్డులో సిగ్నల్ పడింది. "అన్నిటికీ గీతలున్నాయి కదండీ, సంతకం పెట్టెయ్యండి!" అని గార్డు హేమసుందర్ తొందరపెడుతున్నాడు. దాదాపీర్ గీతలు రుద్దుతూనే ఉన్నాడు. మూడు గీతలు వేలికి తెల్లగా అంటుకున్నాయి. నాలుగోది అంటలేదు. అది పోయినసారి ప్రయాణానిది, ఎండకు ఇనుముకి అతుక్కుపోయింది. దాన్ని చూసే ఇందాక పనైపోయిందనుకుని దాటేశాడు. తడిమితే పిన్ను లేదు. ఆ కాలు దారిలో జారితే బండి పట్టాలు తప్పేది. పిన్ను దిగ్గొట్టి, పాత గీతను గోటితో గీకేశాడు.

"ఎవరండీ అది గీసింది?" అన్నాడు గార్డు.

"నేనేనండీ," అన్నాడు దాదాపీర్, కొత్త గీత గీసి, దాన్నీ రుద్ది వేలు చూసుకుంటూ.